ఇంట్లో విండోసా, లైనక్సా? తీర్పు చెప్పింది తెలుగు అక్షరం

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది. ఎన్‌రోల్ చేసుకున్నవాళ్లకి సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకో ఏడాది వస్తాయని అప్పుడు చెప్పింది, అంతే. పోనీ విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 ఉందా అంటుంది, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో జనరేషనో, ఆ పైదో కావాలంటుంది. 2015, 16లో కొన్న సిస్టమ్ ఇంకా శుభ్రంగా పనిచేస్తుంటే ఏం చెయ్యాలి? "కొత్తది కొనాలా, లైనక్స్ వేసుకోవచ్చా, డబ్బులు పోగేసి మ్యాక్ తీసుకోవాలా?" అని ఇక్కడ మంగళగిరిలో టీ తాగడానికి వెళ్లినా అడుగుతున్నారు.

స్పీడు, వైరస్, గేమ్స్ అని పోల్చి చెప్పే వీడియోలు బోలెడు ఉన్నాయి. నేను కొంచెం వెనక్కి వెళ్లి మొదలుపెడతాను. ఎందుకంటే మన ఇళ్లలో విండోస్‌ని ఎవరూ ఎంచుకోలేదు. అది వచ్చి కూర్చుంది. ఎలా వచ్చి కూర్చుందో తెలిస్తేనే, ఇప్పుడు లేపగలమో లేదో తెలుస్తుంది.

చాలామంది చెప్పే కారణం డబ్బు. నాకది అంతగా ఒప్పుకోబుద్ధి కాదు. 2000ల మొదట్లో మనవాళ్లలో ఎక్కువమంది కొన్నది అసెంబుల్డ్ సిస్టమ్. సికింద్రాబాద్ సీటీసీ నుంచో, విజయవాడ నుంచో విడిభాగాలు తెచ్చి బిగించేవాళ్లు. అందులో విండోస్‌కి బిల్లు ఉండేది కాదు, షాపు అబ్బాయి దగ్గర ఒక సీడీ ఉండేది. లైనక్స్ ఉచితమే, మన దగ్గర విండోస్ కూడా ఆచరణలో ఉచితమే. రెండూ ఊరికే వస్తున్నప్పుడు ధర తీర్పు చెప్పదు కదా. మరి ఏది చెప్పింది? నా లెక్క ప్రకారం తెలుగు టైపింగ్.

ఇది అర్థం కావాలంటే డాస్ కాలానికి వెళ్లాలి. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు దానికి మన అక్షరాలు తెలియవు. మన లిపులని అందులోకి తెచ్చిన తొలి ప్రయత్నాల్లో పెద్దది జిస్ట్. ఐఐటీ కాన్పూర్‌లో పుట్టి, 1988లో ఏర్పడిన సీడాక్ చేతిలో పెరిగిన టెక్నాలజీ అది. కంప్యూటర్ లోపల ఒక కార్డు గుచ్చితే, తెర మీద తెలుగు, హిందీ, తమిళం కనిపించేవి. దీని వెనక ఉన్న ఆలోచన చాలా గొప్పది. భారతీయ లిపులన్నిటికీ ఒకే వరస కోడ్లు, ఒకే కీబోర్డు. "క" ఏ లిపిలో అయినా ఒకే మీట. ఆ కోడ్ పేరు ఇస్కీ, 1991లో దాన్ని భారత ప్రమాణంగా ప్రకటించారు. ఆ కీబోర్డు పేరు ఇన్‌స్క్రిప్ట్, ఈరోజు మీ విండోస్‌లో, లైనక్స్‌లో, మ్యాక్‌లో కూడా ఉంది. కానీ కార్డు విడిగా కొనాలి. కాబట్టి అది ఆఫీసులకి, సంస్థలకి చేరింది గానీ మన ఇళ్లకి రాలేదు.

ఈలోగా ఇంకో వైపు నుంచి డీటీపీ వచ్చింది. పేజ్‌మేకర్ 1985లో పుట్టింది మ్యాక్ మీద. రెండేళ్లకి విండోస్‌కి వచ్చింది. మన దగ్గర పీసీ చవక కాబట్టి, చిన్న ఊళ్ల షాపుల్లోకి వచ్చిన పేజ్‌మేకర్ విండోస్ పేజ్‌మేకరే. దానికి తెలుగు రాదు. దానికి మనవాళ్లు కనిపెట్టిన ఉపాయం ఏంటంటే, కంప్యూటర్‌కి చెప్పకుండా దాన్ని మోసం చెయ్యడం!

ఫాంటులో ఇంగ్లిషు అక్షరాలు ఉండాల్సిన గడుల్లో తెలుగు ముక్కలు పెట్టారు. ఒక గడిలో తలకట్టు, ఒక గడిలో గుడి, ఇంకో గడిలో రావొత్తు. కంప్యూటర్ మాత్రం తాను ఇంగ్లిషు రాస్తున్నానే అనుకుంటుంది. మీరు మీట నొక్కగానే, మధ్యలో కూర్చున్న ఒక చిన్న ప్రోగ్రాం ఆ ముక్కలన్నీ సరైన వరసలో పేర్చి పంపిస్తుంది. అను స్క్రిప్ట్ మేనేజర్ చేసింది ఈ పనే. శ్రీలిపి లాంటివీ ఈ బాటలోవే. ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా ముక్కలు పేర్చుకుంది. అను ఫైల్‌ని ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో తెరిస్తే "మంగళగిరి" అన్న మాట బదులు పైన చుక్కలు, టోపీలు ఉన్న ఏవో ఇంగ్లిషు అక్షరాలు కనపడతాయి. మీలో సగం మంది చూసే ఉంటారు.

ఇక్కడే అసలు ముడి పడింది. మీట నొక్కితే మధ్యలో అందుకునే ఆ ప్రోగ్రాం విండోస్ కోసం రాసింది. లైనక్స్ మీద అది లేదు. మంగళగిరి బజారులో శుభలేఖ వేసినా, పానకాల స్వామి తిరునాళ్లకి బ్యానర్ వేసినా, చేనేత సొసైటీకి లెటర్‌హెడ్ వేసినా, వెనక ఉన్నది పేజ్‌మేకర్ లేదా కోరల్‌డ్రా, దానితో అను. డీటీపీ కోర్సు నేర్పింది దాని మీదే. షాపులో ఉన్నదే ఇంట్లో ఉంటే రాత్రి పూట ఇంకో నాలుగు పేజీలు కొట్టుకోవచ్చు. టీచరుగారో, రాసుకునే అలవాటున్న పెద్దాయనో కంప్యూటర్ కొన్నా, ప్రెస్‌కి ఇవ్వాల్సింది అనులోనే కాబట్టి అదే వేయించుకున్నారు. ఎవరూ "విండోస్ మంచిదా, లైనక్స్ మంచిదా" అని కూర్చుని ఆలోచించలేదు. ప్రెస్సుకి ఏది చెల్లుతుందో అది వచ్చింది.

ఇందులో ఒక తమాషా ఉంది. మన డీటీపీ ఆపరేటర్లలో చాలామంది చేతి వేళ్లకి అలవాటైన తెలుగు కీబోర్డు లేఅవుట్ పేరు "యాపిల్". వాళ్లలో చాలామంది యాపిల్ కంప్యూటర్ ముట్టుకుని కూడా ఉండరు. విండోస్ మీద కూర్చుని యాపిల్ లేఅవుట్ కొట్టే జాతి మనది. ఈ లేఅవుట్ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

మోసం అక్కర్లేని దారి అప్పటికే సిద్ధంగా ఉంది. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగు ఉంది, ఇస్కీ వరసలోనే. యూనికోడ్‌లో ముక్కలు ఉండవు, అక్షరాలు ఉంటాయి. "క్రి" అంటే నాలుగు కోడ్లు: క, పొల్లు, ర, గుడి. వాటిని కలిపి ఆకారం గీయడం ఆపరేటింగ్ సిస్టమ్ పని. అంటే బరువంతా ఫాంటు కంపెనీ నెత్తి మీద నుంచి ఆపరేటింగ్ సిస్టమ్ నెత్తి మీదకి మారింది. తెలుగు వరకు ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏంటో మొదటిసారి తేడా తెలియాల్సింది ఇక్కడ.

విండోస్‌కి ఆ పని చేతనైంది 2001లో, ఎక్స్‌పీతో. గౌతమి అనే ఫాంటు కూడా ఇచ్చారు. కానీ పెట్టారు చూడండి ఒక మెలిక! కంట్రోల్ ప్యానెల్‌లో రీజనల్ ఆప్షన్స్‌కి వెళ్లి, కాంప్లెక్స్ స్క్రిప్ట్‌ల దగ్గర టిక్కు పెట్టాలి. పెట్టగానే ఎక్స్‌పీ సీడీ పెట్టమంటుంది. సీడీ షాపు అబ్బాయి దగ్గరుంది! కాబట్టి సిస్టమ్‌లో తెలుగు ఉండి కూడా చాలా ఇళ్లలో తెలుగు వెబ్‌సైట్ తెరిస్తే డబ్బాలే కనపడేవి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్‌లో మొదలైంది. అప్పట్లో దాన్ని చదవడమే ఒక సాంకేతిక విద్య.

లైనక్స్ వైపు ఏం జరుగుతోందంటే, అక్కడ కంపెనీ లేదు, మనుషులు ఉన్నారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన అనే ఫాంట్లు చేశారు, అవి జీపీఎల్ లైసెన్సుతో లైనక్స్‌లోకి చేరాయి. రెడ్ హ్యాట్ నుంచి లోహిత్ వచ్చింది. హైదరాబాద్ కేంద్రంగా 2000ల నడుమ స్వేచ్ఛ సంస్థ మొదలై, ఏకంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌నే లక్ష్యంగా పెట్టుకుంది. మెనూలు, మెసేజీలు, అన్నీ తెలుగులో. ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాళ్లు కూర్చుని మాట మాటా అనువదించారు. పిల్లల కోసం బాల స్వేచ్ఛ అని ఇంకోటి చేశారు.

మరి అది మన ఇళ్లలోకి ఎందుకు రాలేదు? నా అభిప్రాయం చెప్తాను, ఒప్పుకోకపోయినా పర్లేదు. కంప్యూటర్ వాడే తెలుగువాడికి "సేవ్", "ఓపెన్", "ప్రింట్" అన్న మాటలతో ఇబ్బంది లేదు. అవి మన మాటలైపోయాయి. అతనికి కావాల్సింది పాత అను ఫైల్ తెరుచుకోవడం, ప్రెస్‌కి ఫైల్ పంపడం, పాడైతే వచ్చి ఫార్మాట్ కొట్టే మనిషి దొరకడం. తెలుగు మెనూలు ఈ మూడింటినీ తీర్చలేదు. పక్కన కేరళ చూడండి. అక్కడ ప్రభుత్వ బడుల్లోనే లైనక్స్ పెట్టి, టీచర్లకి నేర్పారు. పిల్లలకి అది బడిలో చూసిన వస్తువు, ఇంట్లో కనిపిస్తే బెదరరు. మన దగ్గర ఆ బడి మెట్టు లేదు. కుర్రాళ్ల ఉత్సాహం నేరుగా ఇంటి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. అయితే ఆ శ్రమ వృథా పోలేదు. ఈరోజు లైనక్స్‌ని తెలుగులోకి మార్చి చూస్తే మీకు కనిపించే మాటల్లో అలాంటి వలంటీర్ల పని చాలా ఉంది.

విండోస్ ముడిని మొదట వదులు చేసింది ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ కాదు, బ్రౌజర్. 2006లో వీవెన్ గారు లేఖిని అనే పేజీ పెట్టారు. ఇంగ్లిషు అక్షరాల్లో కొడితే పక్కనే తెలుగు యూనికోడ్‌లో వస్తుంది, కాపీ చేసుకుని ఎక్కడైనా అతికించుకోవచ్చు. టిక్కు లేదు, సీడీ లేదు, ఏ సిస్టమ్ అయినా ఒకటే. తెలుగు బ్లాగులు విరగబూసింది ఆ రోజుల్లోనే. తర్వాత ఫోన్లు వచ్చాయి. నా వయసువాళ్లకి గుర్తుంటుంది, చిన్న ఫోన్‌లో ఒపేరా మినీ కాన్ఫిగ్ పేజీ తెరిచి, బిట్‌మ్యాప్ ఫాంట్ల ఆప్షన్ ఆన్ చేస్తే తప్ప తెలుగు కనపడేది కాదు. అక్కడి నుంచి, అను పేరు కూడా వినని వాళ్లు వాట్సాప్‌లో యూనికోడ్ తెలుగు కొట్టే దాకా వచ్చాం.

మ్యాక్ సంగతి కొంచెం చెప్పి ముందుకెళ్తా. 2011 లయన్ వెర్షన్ నుంచి దాంట్లో తెలుగు ఫాంట్లు ఉన్నాయి, చూడ్డానికి బాగుంటాయి. కానీ 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లని, మ్యాక్‌లని కుప్పకూల్చింది. అది "జ్ఞా". మామూలుగా "జ్ఞానం" అని రాస్తే ఏం కాదు. జ, పొల్లు, ఞ తర్వాత కంటికి కనపడని నాన్ జాయినర్ అనే కోడ్ ఒకటి వచ్చి, ఆ తర్వాత దీర్ఘం వస్తే, గీసే ఇంజన్ ఆ వరసని తట్టుకోలేకపోయింది. "ఫేస్‌బుక్" అని రాసినప్పుడు "స్" కింద బావొత్తు రాకుండా ఆపేది ఆ నాన్ జాయినరే. మెసేజ్‌లో ఆ వరస వస్తే ఆ యాప్ మూసుకుపోయేది. ఆ నెల 19న యాపిల్ అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. అందరూ నవ్వుకున్నారు గానీ, నాకు అందులో కనిపించింది వేరు. ఎంత ఖరీదైన సిస్టమ్ అయినా, తెలుగుని ఆఖర్న పరీక్షిస్తే అలాగే ఉంటుంది.

ఇప్పుడు మీ ప్రశ్నకి వద్దాం. మీ పాత సిస్టమ్‌లో మీరు చేసేది బ్రౌజర్, సినిమాలు, పిల్లల క్లాసులు, అప్పుడప్పుడు యూనికోడ్‌లో ఒక ఉత్తరం, ఇంతేనా? అయితే లైనక్స్ మింట్ లాంటిది హాయిగా వేసుకోండి. ముందు పెన్‌డ్రైవ్ నుంచి ఇన్‌స్టాల్ చెయ్యకుండానే నడిపి, వైఫై, ప్రింటర్ పనిచేస్తున్నాయా లేదా చూసుకోండి. టైపింగ్ కోసం ఐబస్‌లో ఎం17ఎన్ ప్యాకేజీ పెట్టుకుంటే తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్, ఆర్టీఎస్, పోతన లేఅవుట్లు ఉంటాయి. వాటితో పాటు యాపిల్ కూడా ఉంది! మన డీటీపీ వాళ్ల యాపిల్ లేఅవుట్, ఉచితంగా, యూనికోడ్‌లో. ఫాంట్లంటారా, సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, ఎన్టీఆర్, రామభద్ర, గిడుగు, సూరన్న లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. శుభలేఖకి కూడా సరిపోతాయి.

అను ఫైళ్లుంటే మాత్రం కథ వేరు. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0, వచ్చింది 2001లో. ఆ తర్వాత అడోబీ దాన్ని వదిలేసింది. అంటే ఆ ఫైళ్లకి కావాల్సింది విండోస్ 11 కాదు, పాత విండోస్. పీడీఎఫ్ చేసి దాచేస్తే చాలు అనుకుంటారు చాలామంది. పీడీఎఫ్‌లో బొమ్మ దక్కుతుంది, అక్షరం దక్కదు. లోపల ఉన్నది ఇంకా ఆ ముక్కలే, "గుంటూరు" అని వెతికితే దొరకదు, కాపీ చేస్తే మళ్లీ అవే టోపీలు.

మా వీధిలో రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన ఉన్నారు. ఇరవై ఏళ్ల వ్యాసాలు, ఊరి చరిత్ర గురించి పోగుచేసిన నోట్సు, అన్నీ అనులోనే. "ఇవి నా తర్వాత ఎవరు తెరుస్తారు బాబూ" అన్నారు. ఆ పాత ఎక్స్‌పీ సిస్టమ్‌కి నెట్ కేబుల్ పీకేసి, అలాగే ఉంచమన్నాను. వ్యాసం వ్యాసంగా అందులోంచి టెక్స్ట్ తీసి, అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్‌లో వేసి, మింట్ వేసిన ల్యాప్‌టాప్‌లో పెడుతున్నాం. కన్వర్టర్ చాలావరకు బాగానే చేస్తుంది గానీ వొత్తుల దగ్గర తడబడుతుంది, అక్కడక్కడా రావొత్తు ఎగిరిపోతుంది. మాస్టారికి అది బాధగా ఏం లేదు. "పరీక్ష పేపర్లు దిద్ది చాలా ఏళ్లయింది కదండీ" అంటూ రోజూ సాయంత్రం నాలుగు పేజీలు దిద్దుతున్నారు. ఇప్పటికి మూడో ఫోల్డర్‌లో ఉన్నారు, ఇంకా పదకొండు ఉన్నాయి.