షార్ట్‌లైన్

పేరులో పొట్టితనం ఉన్నా అమెరికాలో షార్ట్‌లైన్ రైల్వే అన్నిసార్లూ పొట్టిది కాదు. పెన్సిల్వేనియాలో 1832లో పుట్టిన స్ట్రాస్‌బర్గ్ రైల్‌రోడ్ పొడవు సుమారు 7 కిలోమీటర్లే. అయోవా ఇంటర్‌స్టేట్ వందల కిలోమీటర్లు సాగుతుంది. ప్రభుత్వం పొడవు చూడదు. ఏడాది ఆదాయం చూసి రెండో తరగతి, మూడో తరగతి అంటుంది. జనం నోట నిలిచింది మాత్రం షార్ట్‌లైనే.

1980లో స్టాగర్స్ చట్టం వచ్చాక పెద్ద కంపెనీలు గిట్టుబాటు కాని బ్రాంచి లైన్లను వదిలించుకున్నాయి. కొన్న చిన్న సంస్థలకు వాటితోపాటు అరిగిన పట్టాలు, పుచ్చిన చెక్క స్లీపర్లు దక్కాయి. సరుకు నింపిన వ్యాగన్ బరువేమో 2,63,000 పౌండ్ల నుంచి 2,86,000కు పెరిగింది. పుచ్చిన స్లీపరులో మేకు నిలవదు. పట్టాలు ఎడమై చక్రం కిందికి జారుతుంది.

అందుకే 2004 చట్టంతో 45జీ అనే పన్ను క్రెడిట్ వచ్చింది. ఇది ఆదాయంలో మినహాయింపు కాదు, కట్టాల్సిన పన్నులోంచే నేరుగా తగ్గుతుంది. మొదట్లో ట్రాక్ మరమ్మతు ఖర్చులో సగం, మైలుకు 3,500 డాలర్లు మించకుండా. 2020 డిసెంబరులో దాన్ని శాశ్వతం చేశారు. 2023 నుంచి వాటా 40 శాతం.

ఇందులో మెచ్చుకోదగిన ఏర్పాటు మరొకటి ఉంది. లాభాల్లేక పన్నే పడని రైల్వే, తన మైళ్లను సరుకు పంపేవారికో, సామగ్రి అమ్మేవారికో కేటాయించవచ్చు. అప్పుడు ఆ లైనుమీద ధాన్యం పంపే గోదాము యజమాని పట్టాల బాగుకు డబ్బు పెట్టి, క్రెడిట్ తానే పొందుతాడు.