బెండు, బోను, ఇత్తడి కొలబద్ద

అమెరికా ఈశాన్య కొసన ఉన్న మేన్ రాష్ట్రంలో 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో లాబ్‌స్టర్లను బతికుండగానే అమ్మేవారు. అడుగున సముద్రపు నీళ్లు ఆడే తొట్టి ఉన్న తెరచాప పడవలు వాటిని బోస్టన్, న్యూయార్క్‌లకు చేరవేసేవి. 1840ల్లో డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలు వచ్చాక గిరాకీ పెరిగింది. చిన్నాపెద్దా చూడకుండా పట్టేశారు.

వేటలో పడేది తగ్గేసరికి కట్టుబాట్లు మొదలయ్యాయి. గుడ్లున్న ఆడవాటిని పట్టకూడదని 1872లో చట్టం వచ్చింది. 1933 నుంచి మరీ చిన్నవాటితో పాటు మరీ పెద్దవాటినీ వదిలేయాల్సిందే.

ఒకప్పుడు కర్ర బోనులను చేత్తోనే లాగేవారు. ఇప్పుడు తీగ బోనులు, ఇంజిన్ పడవలు. తెల్లవారుజామునే బయల్దేరతారు. బోనుకు తాడుతో కట్టిన బెండు నీటిపై తేలుతుంటుంది, ఎవరి రంగు బెండు వారిది. దాన్ని అందుకుని తాడును యంత్రానికి తగిలిస్తే బోను పైకొస్తుంది. ముందు అరలో ఎర, వెనక అరలో చిక్కిన లాబ్‌స్టర్. దాని వీపు చిప్పను ఇత్తడి కొలబద్దతో కొలుస్తారు: మూడుంపావు అంగుళాలకు తగ్గకూడదు, 5 అంగుళాలు దాటకూడదు.

గుడ్లున్నదైతే తోక రెక్కకు చిన్న గాటు పెట్టి సముద్రంలోకి వదిలేస్తారు. మళ్లీ ఎవరికి చిక్కినా, అప్పుడు గుడ్లు లేకపోయినా సరే, ఆ గాటున్నదాన్ని అమ్మకూడదు. మిగతావాటి డెక్కలకు రబ్బరు బ్యాండ్లు వేసి తొట్టిలో పడేస్తారు.

ఒక్కొక్కరు 800 బోనులకు మించి వేయడానికి వీల్లేదు.