'పర్సన్' అను మాట

ఆంగ్లము నేర్చు పిల్లలకు 'పర్సన్' అనగా మనుష్యుడని చెప్పి ముందునకు సాగుదుము. కాని యీ చిన్నమాట చరిత్ర మనము తలచినంత చిన్నది కాదు.

లాటినుభాషలో 'పెర్సోనా' యనగా రంగస్థలమున నటుడు ధరించెడి కృత్రిమముఖము. క్రమముగా నది నటుడు వహించు పాత్రకును, పిదప లోకమున మానవుడు వహించు స్థానమునకును, తుదకు మానవునకే పేరయ్యెను. క్రైస్తవ మతశాస్త్రమున తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురును పర్సనులే. మతగురువునకు పేరైన 'పార్సన్' దీని రూపాంతరమే. వ్యాకరణమున 'నేను, నీవు, అతడు' అను భేదములకును ఇదియే పేరు. మనము దానిని 'పురుష' యందుము. స్త్రీ 'నేను' అన్నను అది ఉత్తమపురుషయే!

న్యాయశాస్త్రమున హక్కులును బాధ్యతలును గలది యెద్దియైనను పర్సనే. 1896లో ఇంగ్లండున ప్రభువులసభ, కంపెనీ తన వాటాదారులకంటె వేఱైన పర్సనని తీర్పు చెప్పెను. 1925లో ప్రివీకౌన్సిలు, హిందువుల దేవతామూర్తికి వ్యాజ్యము వేయు నధికారము కలదనెను.

ఇట్లు కంపెనీకిని విగ్రహమునకును చోటిచ్చిన మాట స్త్రీకి చోటిచ్చెనా? కెనడాదేశపు 1867వ సంవత్సరపు చట్టము, అర్హులైన 'పర్సనుల'ను సెనేటుసభకు నియమింపవచ్చుననెను. ఇందు స్త్రీలు చేరుదురా యని 1927లో ఎమిలీ మర్ఫీ మొదలగు స్త్రీలైదుగురు ప్రశ్నించిరి. 1928 ఏప్రిలు 24న ఆ దేశపు సుప్రీముకోర్టు చేరరనెను. చట్టము చేసిననాటి యర్థమే ప్రమాణమని వారి వాదము. స్త్రీలు ప్రివీకౌన్సిలునకు చెప్పుకొనిరి. 1929 అక్టోబరు 18న లార్డు సాంకీ ఆ తీర్పును త్రోసివేసెను. స్త్రీలేల చేరవలయునని యడుగువారికి, ఏల చేరరాదనుటయే యుత్తరమనియు, రాజ్యాంగము తన మేరలలో పెరుగగల చెట్టువంటిదనియు నాతడు వచించెను. 1930లో కైరీన్ విల్సన్ మొదటి స్త్రీసభ్యురాలయ్యెను. మర్ఫీ మాత్రము సెనేటులో కూర్చుండకయే 1933లో మరణించెను.

పరులను చూచి నవ్వుటకు మనకేమి యధికారము? 'రాముడు వచ్చినాడు, సీత వచ్చినది, బండి వచ్చినది' అని మనము నిత్యమును పలుకుచున్నాము. ఏకవచనమున మన వ్యాకరణము సీతను బండి సరసను నిలిపినది. బహువచనమున మాత్రము స్త్రీలును పురుషులవలెనే 'వచ్చినారు'. ఒంటిగా నున్నపుడు దొరకని చోటు కూడి నిలిచినపుడు దొరకినది. కెనడాలోను అట్లే జరిగినది.

వ్యాకరణమును ఒక్కనాటిలో మార్చుట మనవలన కాదు. ఇంటిలో ఆడుబిడ్డను పేరుపెట్టి పిలిచి, ఆమె యభిప్రాయ మడిగి వినుట మనవలన నగును. మాటల యర్థము ముందుగా మారునది నిఘంటువున కాదు, ఇంటిలోనే.