ఉపగ్రహ కొలతల ధ్రువీకరణ: ఓజోన్ రంధ్రం నేర్పిన పాఠం

భూమికి సుమారు 10 నుంచి 100 కిలోమీటర్ల ఎత్తువరకు ఉన్న భాగాన్ని మధ్య వాతావరణం అంటారు. సూర్యుని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే ఓజోన్‌లో అధిక భాగం ఇందులోని స్ట్రాటో ఆవరణంలోనే ఉంది. ఉపగ్రహం ఓజోన్‌ను నేరుగా కొలవదు. వాతావరణం నుంచి వెనక్కి చెదిరి వచ్చే కాంతిని కొలిచి, దాని ఆధారంగా ఓజోన్ పరిమాణాన్ని లెక్కకడతారు. ఆ లెక్క సరైనదేనా అని వేరొక పరికరం కొలతతో పోల్చి చూడటమే ధ్రువీకరణ.

1978 అక్టోబరులో అమెరికా ప్రయోగించిన నింబస్-7 ఉపగ్రహంలో టామ్స్ అనే ఓజోన్ పరికరం ఉండేది. 180 డాబ్సన్ యూనిట్ల కంటే తక్కువ విలువ వస్తే, అది పొరపాటు కావచ్చునని కంప్యూటర్ గుర్తు పెట్టేది. ఆ విలువలను కంప్యూటర్ పారవేసిందన్న కథ ప్రచారంలో ఉన్నది గాని, అది నిజం కాదు. అవి గుర్తుతో సహా భద్రంగానే ఉన్నాయి. 1983 అక్టోబరు సమాచారంలో అంటార్కిటికాపై ఇటువంటి విలువలు అనేకం కనిపించగా, నాసా శాస్త్రజ్ఞులు వాటిని దక్షిణ ధ్రువ కేంద్రంలోని డాబ్సన్ పరికరం కొలతలతో పోల్చారు. అక్కడ సుమారు 300 యూనిట్లు నమోదై ఉంది. దాంతో ఉపగ్రహాన్నే శంకించవలసి వచ్చింది. అయితే తప్పు ఆ కేంద్రం కొలతల్లోనే ఉందని తరువాత తేలింది.

సందేహం తీర్చినది మరో కేంద్రం. అంటార్కిటికాలోని హాలీ బేలో బ్రిటిష్ పరిశోధకులు 1950ల చివరి నుంచి ఏటా ఓజోన్‌ను కొలుస్తూ వచ్చారు. అక్టోబరు సగటు సుమారు 300 యూనిట్ల నుంచి 200 దరిదాపుకు పడిపోయిందని ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ 1985 మే నెలలో 'నేచర్' పత్రికలో ప్రకటించారు. హాలీ బే కొలతలు క్షీణత నిజమని నిరూపించాయి. ఆ క్షీణత ఖండమంతటా వ్యాపించి ఉందని చూపింది ఉపగ్రహం. 1987లో ప్రపంచ దేశాలు మాంట్రియల్ ఒప్పందం కుదుర్చుకున్నాయి.

దీనికి భిన్నమైన సందర్భం కూడా ఉంది. నింబస్-7 పరికరాలకు సూర్యకాంతిని అందించే పలక కాలక్రమేణా మసకబారింది. ఫలితంగా ప్రపంచమంతటా ఓజోన్ వాస్తవం కంటే వేగంగా తగ్గుతున్నట్లు కనిపించింది. 1988లో నిపుణుల బృందం భూతల డాబ్సన్ కేంద్రాల కొలతల సాయంతో ఈ తేడాను సరిచేసింది. సరిచేసిన తరువాత కూడా క్షీణత ఉన్నదని, అయితే ముందు అనుకున్నంత లేదని తేలింది.

మొదటి సందర్భంలో తప్పు నేలమీది పరికరానిది, రెండవదానిలో ఉపగ్రహానిది. కాబట్టి ఏ ఒక్క పరికరాన్నీ ముందుగానే ప్రమాణంగా స్వీకరించరాదు. పరిశ్రమలు తమ రసాయనాలను మానుకోవాలని కోరే ఒప్పందానికి ఇటువంటి పరీక్షకు నిలిచిన ఆధారం అవసరం.

తిరుపతి సమీపంలోని గాదంకిలో లేజర్ కాంతితో పనిచేసే లైడార్ మధ్య వాతావరణపు ఉష్ణోగ్రతను కొలుస్తుంది. ఆ కొలతలను కూడా ఉపగ్రహ విలువలతో పోల్చి చూశారు. ఉపగ్రహ సమాచారాన్ని చదివినప్పుడల్లా, దానిని దేనితో పోల్చారు, ఆ రెండవ పరికరాన్ని ఎవరు పరీక్షించారు అనే రెండు ప్రశ్నలు విద్యార్థులు వేసుకోవాలి.