చెరువు చేపకు ఏటి వడి



తొలకరికి వాగు పొంగి చెరువులోకి ఎర్రనీళ్లు దిగేటప్పుడు గట్టుమీద నిలబడి చూసే వుంటారు. అంతవరకు నడిమి మడుగులో మెదలక వున్న చేప ఒక్కసారిగా వాగు మూతికి వస్తుంది, వచ్చే నీటికి ఎదురెక్కుతుంది. ఇది మన జాలర్లకు ఒకరు చెప్పవలసిన సంగతి కాదు. మావు ఒడ్డేవాడు ముందు నీటి వాలు చూసుకునే ఒడ్డుతాడు.

ఈ ఎదురెక్కడం వూరికే కాదు. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు నిలవనీటిలో పెరుగుతాయి, బలుస్తాయి, కడుపునిండా గుడ్లు కూడా కట్టుకుంటాయి. కాని ఆ గుడ్లు విడవాలంటే వరదనీటి వడి తగలాలి. అందుచేత పూర్వం చెరువులో వేసే పిల్లలకు నదే దిక్కు. బెంగాలులో సన్నకన్ను గరాటు వలలు వరదకు ఎదురు కట్టి, కొట్టుకువచ్చే పిల్లలను మట్టికుండల్లో రైలెక్కించేవారు. దారి పొడుగునా కుండలో నీళ్లు కుదుపుతూ ఒక మనిషి కూర్చోవాలి! మిడ్నపూరు రైతులది ఇంకో యుక్తి. వాలునేలకు కట్టవేసి, పైనుంచి వాననీరు జోరుగా దిగేట్టు చేశారు. నది లేకుండానే నది వడి. చేప నమ్మింది, గుడ్లు పెట్టింది.

మరి ఎదురెక్కే చేపకు కట్ట అడ్డం వస్తే? ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. సముద్రం నుంచి గోదావరి ఎక్కివచ్చే పులసకు అది గోడ అయింది. ఆనకట్టలవల్ల ఇటువంటి చేపలకు నష్టమని ఫ్రాన్సిస్ డే 1873 నాటి నివేదికలోనే రాశాడు. కాని పంటనీరు ముందు ఆ మాట ఎవరికి పట్టింది?

1957 జూలై 10న ఒరిస్సాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌదరి, అలీకున్హిగార్లు మరో చేప తలలోని పీయూషగ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి, నిలవనీటిలోనే గుడ్లు పెట్టించారు. నేడు మీరు కొనే పిల్లలకు మూలం అదే.

ఐతే జలాశయంలో ఏరు చచ్చిపోయిందనుకోకండి. 1967లో కాలువలకు నీళ్లు వదిలిన నాగార్జునసాగరమే చూడండి. కట్టదగ్గర లోతు, నిశ్చలం. ఎగువ కొసన శ్రీశైలం దిగువను మాత్రం, గేట్లు తెరిస్తే కృష్ణ కృష్ణే. గేట్లు మూయగానే లింగాలగట్టు దగ్గర వలలు దిగడం తెలిసిందే.

అక్కడ చేప సులువుగా దొరుకుతుంది, కాదనను. బుట్ట నిండితే ఎవరికి చేదు? కాని జూలై, ఆగస్టుల్లో ఏటి మూతికి వచ్చేది చాలావరకు గుడ్డు చేప. దాన్ని పడితే ఆ యేడు జలాశయంలో పుట్టవలసిన పిల్ల పుట్టదు. కొన్న పిల్లమీదే ఆధారపడాలి.

కనుక సంఘంలో మాట్లాడుకుని, మొదటి వరదలు తగ్గేదాకా ఏటి మూతిని వదిలిపెట్టండి. వల నిశ్చలపు నీటిలో వేసుకోండి. వడిలో వల వాలిపోతుంది, చెత్త పట్టి చిరుగుతుంది. ఇక్కడైతే నిటారుగా నిలుస్తుంది.