శ్రీదేవి నంద్యాలకు వచ్చినప్పుడు: మన రోడ్ కామెడీ ఎటు పోయింది?

ఇవాళ్టి టాపిక్ వినగానే మా అమ్మ చూడకుండా ఉంటే బాగుండు అనిపించింది. స్టోనర్ రోడ్ కామెడీ. అంటే గంజాయి మత్తులో ఉన్న ఇద్దరు ఫ్రెండ్స్ ఏదో పిచ్చి పని మీద బయల్దేరతారు, దారి పొడుగునా తిప్పలు పడతారు. కథ ఇంతే. మిగతాదంతా లోపలి జోకులు, ఒక్క నిమిషం కనబడి పోయే పెద్ద స్టార్లు.

అమెరికాలో ఇదొక పెద్ద జానర్. 1978లో చీచ్ అండ్ చాంగ్ వాళ్ల 'అప్ ఇన్ స్మోక్'తో ఊపందుకుంది. 2001లో కెవిన్ స్మిత్ 'జే అండ్ సైలెంట్ బాబ్ స్ట్రైక్ బ్యాక్' తీశాడు. న్యూజెర్సీలో షాపు ముందు నిలబడి గంజాయి అమ్ముకునే ఇద్దరు, తమ మీద ఎవరో సినిమా తీస్తున్నారని తెలిసి, దాన్ని ఆపడానికి హాలీవుడ్‌కు బయల్దేరతారు. బెన్ ఆఫ్లెక్, మాట్ డామన్ తమ పాత్రల్లో తామే వచ్చి తమ సినిమాలనే ఎగతాళి చేసుకుంటారు. స్మిత్ పాత సినిమాలు చూసినోడికి పండగ. చూడనోడు మాత్రం పక్కోడు ఎందుకు నవ్వుతున్నాడో అర్థం కాక పాప్‌కార్న్ తింటూ కూర్చుంటాడు.

నేను కొన్నేళ్లు కోడ్ రాసినోణ్ణి కాబట్టి నా భాషలో చెప్తా. లోపలి జోకు అంటే డిపెండెన్సీ ఉన్న ప్రోగ్రామ్. ఆ లైబ్రరీ మీ బుర్రలో ముందే ఇన్‌స్టాల్ అయి ఉంటే రన్ అవుతుంది, లేకపోతే ఎర్రర్. అందుకే ఒక సినిమాలో జోకులు చూస్తే అది ఎవర్ని ప్రేక్షకుడు అనుకుంటుందో తెలిసిపోతుంది. కోయిలకుంట్లలో పెరిగినోడిగా నాకు ఈ ప్రశ్న చాలా ముఖ్యం. ఎందుకో చెప్తా, కొంచెం చుట్టు తిరిగి రావాలి.

1991 అక్టోబర్ 9న 'క్షణ క్షణం' రిలీజైంది. రామ్ గోపాల్ వర్మ డైరెక్షన్, వెంకటేష్, శ్రీదేవి. బ్యాంకులో కోటి రూపాయలు దోపిడీ అవుతాయి. ఆ డబ్బుకు తాళంచెవి లాంటి ఒక రసీదు, ఫోటోల కోసం స్టూడియోకు పోయిన సత్య అనే మామూలు అమ్మాయి చేతిలో పడుతుంది. దాంతో ఒక పక్క నాయర్ గ్యాంగ్, ఇంకో పక్క పోలీసులు వెంటపడతారు. ఆమె, చందు అనే చిల్లర దొంగ పరుగు. సిటీ, అడవి, మళ్లీ సిటీ. నాయర్‌గా పరేష్ రావల్. ఆయన కనబడితే భయం, నవ్వు రెండూ ఒకేసారి వస్తాయి. మత్తు పదార్థం ఏమీ లేదు గానీ, మిగతా లక్షణాలన్నీ ఉన్నాయి: ఎక్కడికి పోతున్నారో వాళ్లకే తెలియని ఇద్దరు, రోడ్డు, వరసగా దరిద్రం. నా లెక్కలో తెలుగు రోడ్ కామెడీ వంశవృక్షానికి వేరు ఇదే.

ఇప్పుడు అసలు సంగతి. ఈ సినిమా క్లైమాక్స్ షూటింగ్ జరిగింది మన నంద్యాలలో. కోయిలకుంట్లలో బస్సెక్కితే గంటా గంటన్నరలో చేరే నంద్యాల. వర్మ దీని గురించి తర్వాత రాసుకున్నాడు. శ్రీదేవి ఊళ్లో ఉందని తెలియగానే బ్యాంకులు, గవర్నమెంటు ఆఫీసులు, స్కూళ్లు, కాలేజీలు అన్నీ మూతపడ్డాయట. ఆమె దిగిన ట్రావెలర్స్ బంగ్లా చుట్టూ పగలూ రాత్రీ వేల మంది జనం. పోలీసులు కాపలా. వర్మ వాళ్లు లొకేషన్‌లో ఎదురుచూస్తుంటే దూరంగా పెద్ద దుమ్ము మేఘం కనిపించేదట. అది కనబడితే శ్రీదేవి బయల్దేరిందని అర్థం. ముందు ఆమె కారు, వెనక పరిగెత్తుకొచ్చే ఊరు.

ఒక్కసారి ఊహించుకోండి. సినిమాలో శ్రీదేవి వెంట గ్యాంగ్ పరిగెడుతోంది, బయట శ్రీదేవి వెంట నంద్యాల పరిగెడుతోంది. సినిమా కంటే పెద్ద ఛేజ్ బయటే జరిగింది. కెమెరా అటు తిప్పి ఉంటే బ్రో, ప్రపంచంలో అంతమంది గెస్ట్ అప్పియరెన్స్ ఉన్న సినిమా ఇంకోటి ఉండేది కాదు.

నేను చెప్పాలనుకున్నది ఇక్కడుంది. అంత పెద్ద సినిమా కెమెరా మా వైపు వచ్చి తీసింది నరుకుడు కాదు, ఒక సరదా పరుగు. ఆ సినిమాలో సీమ అంటే బాంబు కాదు, కత్తి కాదు.

ఆరేళ్లు తిరిగాయి. అదే వెంకటేష్ 1997లో 'ప్రేమించుకుందాం రా'లో హైదరాబాద్ నుంచి కర్నూలు వచ్చాడు. ఈసారి ప్రేమకు అడ్డంగా ఫ్యాక్షన్. 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఆది', 'ఇంద్ర'. ఇంక చెప్పేదేముంది, మా రోడ్డు మీద టాటా సుమో కనిపించిందంటే థియేటర్‌లో జనాలు చెవులు మూసుకునేవాళ్లు, పేలుతుందని. ఫ్యాక్షన్ అబద్ధమని నేననను. నంద్యాల, ఆళ్లగడ్డ వైపు ఇళ్లల్లో గోడ మీద దండేసిన ఫోటోలున్నాయి, అది జోకు కాదు. కానీ ఆ రోడ్డు మీద పెళ్లికి పోయే ట్రాక్టర్లు, అహోబిలం తిరునాళ్లకు పోయే బస్సులు, పరీక్ష ఫెయిలై ఇంటికి పోలేక తిరిగే పిల్లోళ్లు కూడా ఉన్నారు. వాళ్లు స్క్రీన్ మీదకు రాలేదు. హైదరాబాద్‌లో నా మొదటి ఉద్యోగంలో ఊరి పేరు చెప్తే టీమ్‌లో ఒకడు అడిగిన మొదటి ప్రశ్న, 'మీ ఇంట్లో సుమో ఉందా?' అదీ లోపలి జోకే. కాకపోతే ఆ జోకు లోపల ఉన్నది నేను, నవ్వేది బయటోళ్లు.

ఒక్క మినహాయింపు ఉంది. 2010లో రాజమౌళి 'మర్యాద రామన్న'. బస్టర్ కీటన్ 1923లో తీసిన మూకీ సినిమా 'అవర్ హాస్పిటాలిటీ' దానికి ప్రేరణ. ఫ్యాక్షన్ ఇంట్లోనే కామెడీ పెట్టాడు. గడప లోపల ఉన్నంత సేపూ అతిథి, గడప దాటితే నరికేస్తారు. సునీల్ హైదరాబాద్ నుంచి సీమకు రైల్లో వస్తాడు, అంటే ఇది సగం రోడ్ కామెడీనే. ఆ సినిమాలో ఒక సైకిల్ మాట్లాడుతుంది, గొంతు రవితేజది. మొహం లేని గెస్ట్ రోల్! గొంతు గుర్తుపట్టినోడు నవ్వుకుంటాడు, పట్టనోడికీ సైకిల్ మాట్లాడితే నవ్వే. ఎర్రర్ రాని లోపలి జోకు అంటే ఇట్లుండాలి.

సరే, మత్తు సంగతికి వద్దాం. మన సినిమాల్లో గంజాయి ఎందుకు కామెడీ కాలేదు? 1985లో ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చింది. 1991 డిసెంబర్ 6న సెన్సార్ గైడ్‌లైన్స్ వచ్చాయి, క్షణ క్షణం విడుదలైన రెండు నెలలకే. డ్రగ్స్ అలవాటును గొప్పగా చూపించకూడదు, తాగుడును సమర్థించకూడదు. దానికి తోడు మన ప్రేక్షకులకు తాగుబోతు పాత్ర అలవాటే గానీ గంజాయి అంటే ఇంట్లో చర్చించే విషయం కాదు. అందుకే తెలుగులో మత్తు వేరే వేషం వేసుకుని వచ్చింది.

ఆ వేషాల్లో బెస్ట్, 2018 జూన్ 29న వచ్చిన తరుణ్ భాస్కర్ సినిమా 'ఈ నగరానికి ఏమైంది?' నలుగురు ఫ్రెండ్స్, ఒకప్పుడు షార్ట్ ఫిల్మ్ కల ఉన్నోళ్లు. ఒక రాత్రి తాగి కారెక్కితే తెల్లారేసరికి గోవా. అయితే నా దృష్టిలో ఆ సినిమాలో పెద్ద జోకు టైటిలే. 2012 నుంచి థియేటర్లలో సినిమా ముందు, ఇంటర్వెల్ తర్వాత పొగాకు హెచ్చరికలు తప్పనిసరయ్యాయి. అట్లా మనకు నోటికొచ్చేసిన ఒక యాడ్‌లో మొదటి మాట అది. పొగ మానమని గవర్నమెంటు వేసిన యాడ్‌ను తీసుకొచ్చి, మత్తులో గోవా పోయే కుర్రోళ్ల సినిమాకు పేరు పెట్టారు. ఈ జోకుకు కావాల్సిన లైబ్రరీ ఒక్కటే, టికెట్ కొని థియేటర్లో కూర్చుని ఉండటం. హైదరాబాద్ మల్టీప్లెక్స్‌లో చూసినోడికీ, కోయిలకుంట్లలో చూసినోడికీ అదే యాడ్, అదే గొంతు. అందరికీ ఒకేసారి రన్ అవుతుంది. రిలీజైనప్పుడు పెద్ద బ్లాక్‌బస్టర్ ఏం కాదు. ఐదేళ్లకు, 2023 జూన్‌లో రీ రిలీజ్ చేస్తే థియేటర్‌లో డైలాగులు స్క్రీన్ కంటే ముందు జనమే చెప్పేశారు.

ఇంకో చిన్న సరదా. దీని నిర్మాత సురేష్ ప్రొడక్షన్స్. 'ప్రేమించుకుందాం రా' తీసిందీ వాళ్లే. ఒకే ఇల్లు కుర్రోణ్ణి ఒకసారి ఫ్యాక్షన్ మధ్యలోకి పంపింది, ఇంకోసారి గోవా బీచ్‌కు పంపింది. అదృష్టం ఎవరిదో మీరే చెప్పండి.

ఇక 2019 డిసెంబర్ 25, 'మత్తు వదలరా'. రితేష్ రానా మొదటి సినిమా. ఇది రోడ్ సినిమా కాదు, చాలావరకు అపార్ట్‌మెంట్‌లోనే. కానీ డ్రగ్స్ కథను నవ్వించేలా చెప్పడంలో స్టోనర్ కామెడీకి మనవాళ్లు ఇంత దగ్గరగా వచ్చింది నేనెప్పుడూ చూళ్లేదు. టైటిల్ 1966 నాటి 'శ్రీకృష్ణ పాండవీయం' పాటలోది, నిద్రపోతున్న భీముణ్ణి లేపే పాట. హీరో డెలివరీ బాయ్, పేరు బాబు మోహన్. వాడి ఫ్రెండ్ పేరు యేసుదాసు, చేసింది సత్య. మధ్య మధ్యలో టీవీలో 'ఓరి నా కొడకా' అనే సీరియల్, తుపాకీ గుండు తగలడానికే ఎపిసోడ్లు పట్టేంత సాగదీత. పాత పాట తెలిసిన తాత, కోట, బాబు మోహన్ జోడీ తెలిసిన నాన్న, సీరియల్ చూసే అమ్మ, మీమ్స్ చూసే మనం, ఇంట్లో అందరికీ తలా ఒక జోకు వడ్డించాడు.

దీంట్లో ఇంకో లోపలి జోకు ఉంది, అది స్క్రీన్ మీద లేదు. హీరో శ్రీసింహా, మ్యూజిక్ కాలభైరవ, ఇద్దరూ కీరవాణి కొడుకులు. క్షణ క్షణానికి మ్యూజిక్ కీరవాణి. మర్యాద రామన్నకూ ఆయనే. 28 ఏళ్ల తర్వాత నాన్న సినిమాలో పరుగును కొడుకులు డెలివరీ బ్యాగ్ తగిలించుకుని మళ్లీ పెట్టారు.

'జాతిరత్నాలు' గురించి ఎక్కువ చెప్పను, మీకందరికీ కంఠతా వచ్చు. 2021లో అనుదీప్ తీశాడు. జోగిపేట నుంచి హైదరాబాద్‌కు ముగ్గురు. మత్తు లేకుండానే మత్తులో ఉన్నట్టుంటారు, అది వాళ్ల పుట్టుక. విజయ్ దేవరకొండ, కీర్తి సురేష్ అలా వచ్చి పోతారు. కానీ గెస్టులు కాదు నన్ను పట్టుకుంది, ఆ ఊరి పేరు. అప్పటిదాకా జోగిపేట అంటే ఆ జిల్లా దాటి ఎంతమందికి తెలుసు? ఇప్పుడు పేరు వింటే ముందు మొహంలో నవ్వొస్తుంది. ఒక ఊరి పేరును సినిమా ఇట్లా కూడా మార్చగలదు.

కోయిలకుంట్ల పేరు బయటోళ్లకు తెలిస్తే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వల్ల. 1846లో ఇక్కడి ట్రెజరీ మీద పడ్డాడు, 1847లో ఇక్కడే ఉరి తీశారు. 2019లో 'సైరా' వచ్చాక ఇంకొంచెం తెలిసింది. ఆ గర్వం మాకుంది, ఎప్పటికీ ఉంటుంది. కానీ ఎప్పుడూ ఉరికొయ్యేనా అప్పా? మా ఊరి కట్ట మీద సాయంత్రం కూర్చుంటే వినబడే జోకులకు సబ్‌టైటిల్స్ వేస్తే ఒక సీజన్ సరిపోదు.

ఇంకోటి కూడా. క్షణ క్షణం క్లైమాక్స్‌లో ఉండేది రైలు ఫైట్. 1991లో కోయిలకుంట్లకు రైలే లేదు. నంద్యాల, ఎర్రగుంట్ల లైను 2016లో మొదలైంది, ఇప్పుడు మా ఊళ్లో స్టేషన్ ఉంది. ప్లాట్‌ఫామ్ మీద మధ్యాహ్నం పూట కెమెరా పెట్టుకోవడానికి బోలెడంత జాగా. డైరెక్టర్లు ఎవరైనా చూస్తుంటే లొకేషన్ నేను చూపిస్తా. నంద్యాల వాళ్లకు మాత్రం ఒక రిక్వెస్ట్: మీ ఇంట్లో ఎవరైనా ఆ రోజు స్కూలు ఎగ్గొట్టి ఆ దుమ్ములో పరిగెత్తి ఉంటే వాళ్లను కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డ్ చేసి నాకు పంపండి. వచ్చే ఎపిసోడ్ వాళ్లదే.