తిరునెల్వేలి నుండి డోర్నకల్‌కు

కాజీపేటనుండి విజయవాడకు పోయే రైలుమార్గంలో డోర్నకల్ అనే జంక్షన్ ఉన్నది. బొగ్గుగనుల వైపు పోయే శాఖామార్గం ఇక్కడనే చీలుతుంది. నేడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్న ఈ ఊరు 1909 నాటికి నిజాము రాజ్యంలోనిది. ఆ సంవత్సరం ఒక తమిళ గృహస్థు తన ముప్పయి అయిదవ యేట ఇక్కడికి కాపురం మార్చుకొన్నారు. ఆయన పేరు వేదనాయగం సామ్యూల్ అజరయ్య.

విశ్వాసమే ఆధారంగా ఇల్లు విడిచి పోవడమన్నది క్రైస్తవులకు అబ్రాహాము నాటినుండి పరిచితమైన భావమే. గమ్యమెరుగని ఆ ప్రయాణాన్ని గూర్చి వారి ప్రార్థనాలయాలలో వినని ఆదివారాలు తక్కువ. కాని వినడం వేరు, మూట కట్టుకోవడం వేరు. మన దేశంలో ఒక చిత్రమైన అలవాటు కూడా ఏర్పడింది. సువార్త కోసం ఊరు విడిచి రావడం సముద్రాలకు ఆవలినుండి వచ్చే దొరల పని అనీ, వారికి సహాయకులుగా నిలవడం మనవారి పని అనీ అందరూ అనుకొన్నారు. ఆ అలవాటును త్రోసిపుచ్చిన కొద్దిమందిలో అజరయ్య ముఖ్యులు.

ఆయన 1874లో తిరునెల్వేలి సీమలోని వెళ్ళాళన్‌విళై అనే పల్లెలో జన్మించారు. తండ్రి ఆ పల్లె దేవాలయంలోనే గురువు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, యువజన క్రైస్తవ సంఘం అనే వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా చేరి, దక్షిణదేశమంతటా తిరిగి ఉపన్యసించారు. 1902లో యాళ్పాణం వెళ్ళినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత ధనంతో సముద్రానికి ఈవలి ఒడ్డుకు ప్రచారకులను పంపుతున్న సంగతి విన్నారు. వేల సంఖ్యలో క్రైస్తవులున్న తిరునెల్వేలి ఆ పని చేయలేదే అన్న చింత ఆయనను పట్టుకొన్నది. మరుసటి యేడు, 1903లో, భారతీయుల ధనంతో, భారతీయుల నిర్వహణలో నడిచే మిషనరీ సంఘమొకటి తిరునెల్వేలిలో వెలసింది. 1905లో శ్రీరాంపూరులో జాతీయ మిషనరీ సంఘం ఏర్పడింది. రెండింటి వెనుకా ఆయన కృషి ఉన్నది. తిరునెల్వేలి సంఘం తన తొలి ప్రచారకుని 1904లో పంపినది ఈ డోర్నకల్ సీమకే.

ఊరూరా తిరిగి యువకులను “మీరు వెళ్ళండి” అని ప్రోత్సహించే మనిషికి తానెందుకు వెళ్ళకూడదన్న ప్రశ్న ఎదురు కాక తప్పదు. ఉపన్యాసకులందరికీ ఈ ప్రశ్న వస్తుందేమో గాని, దానికి జవాబు చెప్పేవారు అరుదు. అజరయ్య పదవి వదులుకొన్నారు. 1909లో గురుపట్టం పొంది డోర్నకల్ చేరుకొన్నారు.

తిరునెల్వేలికీ డోర్నకల్‌కూ మధ్య రైలుదారిన వెయ్యి కిలోమీటర్లకు పైచిలుకు దూరం. విడిచినది దూరాన్ని మాత్రమే కాదు, భాషను కూడా. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలు నాలుగింటికీ ఒక్కటే అక్షరం. అలాటి లిపిలో ఓనమాలు దిద్దిన వారికి మన ఒత్తులు ఎంత శ్రమ కలిగిస్తాయో తమిళ మిత్రులున్న శ్రోతలకు వేరే చెప్పనక్కరలేదు. ఆయన తెలుగు నేర్చి, తెలుగులోనే బోధించారు.

వచ్చిన మరుసటి సంవత్సరం, 1910లో, ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన ప్రసంగించారు. దొరల త్యాగాన్ని కాదనలేదు. వారు అన్నీ ఇచ్చి స్నేహాన్ని మాత్రం ఇవ్వలేకపోయారని నిండుసభలో చెప్పారు. సభ్యులలో కొందరికి అది రుచించలేదు. నా దృష్టిలో ఆయన జీవితానికి తాళపుచెవి ఆ ప్రసంగమే. సముద్రాలు దాటివచ్చి కూడా తన పెద్దరికాన్ని దాటి రాలేనివాడు నిజంగా ఇల్లు విడిచినట్లా?

1912 డిసెంబరు 29న కలకత్తా సెంటుపాల్ కథీడ్రలులో ఆయనకు బిషప్పు పట్టం కట్టారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. భారతీయుని క్రింద పనిచేయడమెట్లాగని శంకించిన పాశ్చాత్యులు ఉన్నారు. మద్రాసు బిషప్పు వైట్‌హెడ్ పట్టుబట్టి ఆ నియామకం జరిపించారు.

అయితే ఆ సీమలో అందరికంటె ఎక్కువ విడిచినవారు అజరయ్య కారు, ఊరు కదలనివారు. జ్ఞానస్నానం పొందినవారిలో అత్యధికులు మాలమాదిగలు. వారు ఉన్న గుడిసెలోనే ఉన్నారు, అదే దొర పొలంలో కూలి చేశారు. కాని గ్రామదేవత జాతరలో డప్పు కొట్టబోమన్నారు. చచ్చిన పశువు మాంసం ముట్టబోమన్నారు. పిల్లలను బడికి పంపారు. తరతరాల వాడుకను కాదన్నందుకు ఊరి పెద్దల ఆగ్రహం, కొన్నిచోట్ల దౌర్జన్యం వారు ఎదుర్కొన్నారు. వారికి తిరిగి పోవడానికి ఒక తిరునెల్వేలి కూడా లేదు. జ్ఞానస్నానం పొందిన ప్రతివారి చేతా తమ తలపై చెయ్యి పెట్టించి, ఇతరులకు సువార్త చెప్పే బాధ్యత తమదేనని అజరయ్య పలికించేవారు. ఆ బాధ్యత తీసుకొన్న కూలి మనిషి ఇక ఎవరికీ సహాయకుడు కాడు.

ఈ సామూహిక మతమార్పిడులను గాంధీజీ 1930లలో తీవ్రంగా ఆక్షేపించారు. పేదల అవసరాన్ని మతం వాడుకొంటున్నదని ఆయన అభ్యంతరం. పేదలకూ తమ అంతరాత్మను అనుసరించే హక్కు ఉన్నదని అజరయ్య సమాధానం. ఆ వాదం నేటికీ తీరలేదు. ఇక్కడ దానిని తీర్చడం నా ఉద్దేశమూ కాదు.

ఆయన కట్టించిన ఎపిఫనీ కథీడ్రలు నిధులు లేక ఏళ్ళ తరబడి సాగి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరుపుకొన్నది. మసీదును తలపించే గుమ్మటాలు, దేవాలయ మంటపాలను పోలిన స్తంభాలు అందులో కనిపిస్తాయి. ఇంగ్లండు నమూనాను దింపడానికి ఆయన ఇష్టపడలేదు. ఆరాధన క్రమం మాత్రం చాలవరకు ఇంగ్లండు సంప్రదాయమే. దానిని ఆయన ప్రేమించారు, విడువలేదు.

1945 జనవరి 1న అజరయ్య డోర్నకల్‌లోనే కన్నుమూశారు. క్రైస్తవ శాఖల ఐక్యత కోసం ఆయన 1919నుండి పాటుపడ్డారు. దాని ఫలమైన దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరులో ఏర్పడేనాటికి ఆయన లేరు. సమాధి డోర్నకల్‌లోనే, తెలుగు నేలలోనే ఉన్నది.